పాల మీద అనుమానం వస్తే ఏ తలుపు తట్టాలి?

పోయిన వేసవిలో ఒకరోజు తెల్లారేసరికి మా పక్కింటి పిన్నిగారు స్టీలు గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. పొయ్యి మీద నుంచి దించిన పాలు. విరిగిపోయి పైన పచ్చటి నీళ్ళు, కింద ముద్దలు. "మూడు రోజుల నుంచి ఇదే వరస. యూరియా కలుపుతున్నాడు వాడు. ఈసారి ఊరుకునేది లేదు" అన్నారు. అదే గిన్నె మీద మూత పెట్టి, ఆటో ఎక్కి ఒక ల్యాబ్‌కి వెళ్ళారు. కాచిన పాలు, అదీ ఇంటి గిన్నెలో తెచ్చినవి తీసుకోము అన్నారట. మధ్యాహ్నానికి ఉసూరుమంటూ తిరిగొచ్చారు.

ఆవిడ కోపంలో తప్పు లేదు. కానీ విరిగిన పాలు కల్తీకి గుర్తు కాదు. చల్లబరచకుండా ఎండలో తిరిగిన పాలు పులుపెక్కి, కాచగానే విరుగుతాయి. అసలు కల్తీ చేసేవాళ్ళు సోడా లాంటివి కలిపేది పాలు విరగకుండా ఉండటానికే. అంటే పాడైపోయిన పాలకంటే, మండు వేసవిలో కూడా పొద్దుటి నుంచి రాత్రి దాకా చెక్కుచెదరని విడి పాల మీద ఎక్కువ అనుమానం రావాలి.

కల్తీ మీద కోపం అందరికీ ఉంది. ఎక్కడికి వెళితే ఏం జరుగుతుందన్నది మాత్రం చాలామందికి తెలియదు. అందుకే ఈ దారులన్నీ ఒకచోట పెట్టి, ఏది ఎవరికి పనికొస్తుందో చెబుతున్నాను.

ముందు తప్పు ఏ రకమో తేల్చుకోండి

మనం అన్నిటినీ కల్తీ అనే ఒక్క మాటతో పిలుస్తాం. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం మాత్రం వాటిని విడదీసి చూస్తుంది. పాలల్లో నీళ్ళు ఎక్కువై వెన్న శాతం తగ్గితే అది నాసిరకం సరుకు. తాగితే ప్రాణానికి ప్రమాదం లేకపోయినా ప్రమాణానికి తక్కువ. దీనికి రూ.5 లక్షల దాకా జరిమానా. లేబుల్ మీద ఒకటి రాసి లోపల ఇంకొకటి ఉంటే అది తప్పుడు లేబుల్ నేరం, రూ.3 లక్షల దాకా. ఈ రెండింటినీ అదనపు జిల్లా మేజిస్ట్రేట్ హోదాకు తగ్గని అధికారి విచారిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో జాయింట్ కలెక్టర్ ముందుకు ఈ కేసులు వెళ్ళేది అందుకే.

మూడోది సురక్షితం కాని ఆహారం. డిటర్జెంటు, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి కలిసిన పాలు ఈ కోవలోకి వస్తాయి. ఇది క్రిమినల్ కేసు, జైలు ఉంటుంది. ప్రాణం పోతే కనీసం 7 ఏళ్ళ నుంచి యావజ్జీవం దాకా శిక్ష, రూ.10 లక్షలకు తగ్గకుండా జరిమానా.

ఈ తేడా ముందే తెలుసుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది. పలచటి పాలు పోసినవాడిని జైల్లో పెట్టిస్తానని బయలుదేరితే దారిలోనే నీరసం వస్తుంది.

లేబుల్ చెప్పింది, మనం చదవలేదు

ఫిర్యాదుల్లో కొన్ని అసలు ఫిర్యాదులు కావు. ప్యాకెట్ మీద నిజమే రాసి ఉంటుంది, మనం రంగు చూసి కొంటాం. ప్యాకెట్ రంగు కంపెనీని బట్టి మారుతుంది, దాన్ని నమ్ముకోవద్దు. పేరు చదవండి. ఫుల్ క్రీమ్ అంటే కనీసం 6 శాతం వెన్న, 9 శాతం ఎస్‌ఎన్‌ఎఫ్. ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే వెన్న తీసేశాక పాలల్లో మిగిలే ఘనపదార్థం. స్టాండర్డైజ్డ్ అయితే 4.5, 8.5. టోన్డ్ అయితే 3, 8.5. డబుల్ టోన్డ్ అయితే 1.5, 9. టోన్డ్ పాలు కొని, తోడు పెట్టిన పెరుగు గడ్డలా రాలేదని గొడవపడితే గెలవలేం. ఇంట్లో పిల్లలు, పెరుగు, కాఫీ అన్నిటికీ ఒకే ప్యాకెట్ కొనేవాళ్ళకు స్టాండర్డైజ్డ్ సరిపోతుంది. గట్టి పెరుగు కావాలంటే ఫుల్ క్రీమ్ కొనుక్కోవాలి.

మీగడ కట్టలేదన్నది ఇంకో అనుమానం. ప్యాకెట్ మీద హోమోజినైజ్డ్ అని ఉంటే వెన్న కణాలను చిదిమి పాలంతా కలిపేశారని అర్థం, మీగడ మందంగా కట్టదు. పాలపొడి, నీళ్ళు, వెన్న కలిపి తయారుచేసిన పాలకు రీకంబైన్డ్ మిల్క్ అని వేరే పేరు ఉంది. ఆ పేరుతో అమ్మితే నేరం కాదు, మామూలు పాలని చెప్పి అమ్మితే నేరం.

పనీరు దగ్గర మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. పనీరు అని అమ్మాలంటే తేమ తీసేసిన బరువులో కనీసం సగం పాల కొవ్వు ఉండాలి (తక్కువ కొవ్వు పనీరు వేరు). పామాయిలు, పాలపొడి, పిండిపదార్థాలతో చేసిన తెల్ల ముక్కను అనలాగ్ అని లేబుల్ మీద చెప్పి అమ్ముకోవచ్చు. ప్యాకెట్ అయితే వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చూడండి. ఎక్కువ ఉన్నది ముందు రాయాలన్నది నియమం. అందులో వెజిటబుల్ ఆయిల్ కనిపిస్తే అది పనీరు కాదు. విడిగా కోసి తూచి ఇచ్చే దుకాణంలో చూడటానికి లేబులే ఉండదు. మా ఇంట్లో ఒక పుట్టినరోజుకు అలా తెచ్చిన ముక్కలు కూరలో ఎంతసేపు ఉడికినా రబ్బరులా సాగాయి, పిల్లలు నమిలి పక్కన పెట్టేశారు. అప్పటి నుంచి విడి పనీరు మానేశాం. తెలిసిన పాడి వాళ్ళ దగ్గర కొంటాం, లేదా పాలు విరగ్గొట్టి ఇంట్లోనే చేసుకుంటాం.

ఐస్‌క్రీమ్ సంగతీ అంతే. ఐస్‌క్రీమ్ అని పేరు పెట్టాలంటే పాల కొవ్వే ఉండాలి, మామూలు రకంలో కనీసం 10 శాతం. వంటనూనె కొవ్వుతో చేసినది ఫ్రోజెన్ డెజర్ట్. అది కొనడం తప్పు కాదు, కానీ ఐస్‌క్రీమ్ ధరకు కొనకండి.

ఇక ఏ2 పాలు. ఏ1, ఏ2 అన్నవి పాలలో ఉండే ఒక ప్రోటీన్ రకాల పేర్లు. 2024 ఆగస్టు 21న ఏ1, ఏ2 మాటలు లేబుళ్ళ నుంచి తీసేయమని, దేశంలో ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. ఐదు రోజులకే ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. ఏ2 అన్న ముద్ర చూసి రెట్టింపు ధర పెట్టేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

నెయ్యి డబ్బా మీద రెండు ముద్రలు

14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ చూసి చాలామంది స్వచ్ఛతకు హామీ అనుకుంటారు. అది వ్యాపారం చేసుకోవడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారి రిజిస్ట్రేషన్. తర్వాతి రెండు అంకెలు రాష్ట్రానికి గుర్తు, అక్కడ 00 ఉంటే కేంద్ర లైసెన్సు. ఫిర్యాదు ఎవరి మీద, ఏ అధికారికి వెళ్ళాలో తేల్చేది ఈ నంబరే. ఆగ్‌మార్క్ వేరు. అది వ్యాపారి ఇష్టంతో తీసుకునే నాణ్యతా ముద్ర, నెయ్యిని పరీక్షించి గ్రేడు ఇస్తారు. రెండు డబ్బాలు ఒకే ధరకు ఉంటే నేను ఆగ్‌మార్క్ ఉన్నదే తీసుకుంటాను.

నెయ్యిలో డాల్డా, అంటే వనస్పతి కలిపారేమోనన్న భయం పాతది. దీనికి ప్రభుత్వం చాలా తెలివైన ఉపాయం చేసింది. వనస్పతి తయారుచేసేవాళ్ళు అందులో కనీసం 5 శాతం నువ్వుల నూనె కలపాలని నియమం పెట్టింది. నువ్వుల నూనెకు ఒక గుణం ఉంది. ఆమ్లం, ఫర్‌ఫ్యూరాల్ అనే రసాయనం తగిలితే ఎర్రబారుతుంది. నెయ్యిలో వనస్పతి కలిస్తే ఆ నువ్వుల నూనె కూడా వెంట వస్తుంది, పరీక్ష గొట్టం అడుగున ఎర్రరంగు తేలుతుంది. దీన్నే బౌడోయిన్ పరీక్ష అంటారు. ఇంట్లో యాసిడ్‌తో ఇది చేసి చూడమని చెప్పే వీడియోలు ఉన్నాయి, దయచేసి ఆ పని చేయకండి.

పైగా ఆ పరీక్షకు దొరికేది వనస్పతి మాత్రమే. పామాయిలు నేరుగా కలిపితే అందులో నువ్వుల నూనె ఉండదు, ఎర్రరంగు రాదు. అప్పుడు కొవ్వు ఆమ్లాలను విడివిడిగా కొలిచే పెద్ద యంత్రాలే దిక్కు. 2024లో తిరుమల లడ్డూ నెయ్యి నమూనాలు గుజరాత్‌లోని ఆణంద్‌లో ఉన్న జాతీయ పాడి అభివృద్ధి మండలి ప్రయోగశాల దాకా వెళ్ళాయి. ఆ వివాదంలో అక్టోబర్ 4న సుప్రీంకోర్టు వేసిన ఐదుగురి దర్యాప్తు బృందంలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అధికారి ఒకరికి చోటిచ్చింది. అంత పెద్ద దేవస్థానానికే నెయ్యి సంగతి తేల్చుకోవడానికి అంత దూరం వెళ్ళాల్సి వచ్చిందంటే, వేలితో రుద్ది వాసన చూసి మనం తేల్చేసేది ఎంతో ఆలోచించండి.

ఇంటి పరీక్షలు ఎంతవరకు నమ్మొచ్చు

అనుమానం గట్టిపరచుకోవడానికి పనికొస్తాయి. వాలుగా పెట్టిన నున్నటి పళ్ళెం మీద ఒక చుక్క వేస్తే మంచి పాలు మెల్లగా జారుతూ తెల్లటి గీత వదులుతాయి, నీళ్ళు కలిసినవి గీత లేకుండా పరుగెడతాయి. పాలకు సమానంగా నీళ్ళు పోసి బాగా గిలకొడితే దట్టమైన నురగ వచ్చి నిలిచిపోతే డిటర్జెంటు అనుమానం. కాచి చల్లార్చిన పాలలో రెండు మూడు చుక్కల టించర్ అయోడిన్ వేస్తే నీలం రంగు వచ్చిందంటే గంజి కలిసినట్టు. పాల చిక్కదనం చూసే లాక్టోమీటర్‌ను ఒక్కదాన్నే నమ్మకండి. నీళ్ళు కలిపి, దానికి తగ్గట్టు చక్కెరో ఉప్పో వేస్తే రీడింగు మళ్ళీ సరిగ్గానే చూపిస్తుంది.

2018లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశవ్యాప్తంగా 6,432 పాల నమూనాలు తీసింది. ప్రమాదకరమైన కల్తీ పదార్థాలు దొరికినవి 12. ఆ 12లో 9 తెలంగాణవి కావడం మనం తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు. కానీ అంతకంటే ఎన్నో రెట్లు, 368 నమూనాల్లో, అఫ్లాటాక్సిన్ ఎం1 అనే విషం పరిమితి దాటి కనిపించింది. బూజు పట్టిన దాణా, చెక్క తిన్న పశువు పాలలోకి వచ్చే విషం అది. ఎవరూ కలపరు, కాచినా పోదు, ఇంటి పరీక్షలో కనపడదు. మనం యూరియా కోసం వెతుకుతూ కూర్చుంటే అసలు ప్రమాదం దాణా బస్తాలో ఉంది. ఇది పట్టుకోవడం ప్రభుత్వ ప్రయోగశాలలు, పాలు సేకరించే డెయిరీలు చేయాల్సిన పని, మన వంటింట్లో అయ్యేది కాదు.

ఫోన్ చేయడమా, ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌ని పిలవడమా

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్ ఫ్రీ నంబర్ 1800112100, లేదా ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్. ఖర్చు లేదు, ఇంట్లో కూర్చుని చేయొచ్చు. ప్యాకెట్ సరుకుకు ఇది మొదటి మెట్టు. లైసెన్సు నంబర్, బ్యాచ్ నంబర్, తేదీ, బిల్లు, ఫొటోలు పెట్టాలి. బ్యాచ్ నంబర్ లేని ఫిర్యాదు గాలిలో రాయి విసిరినట్టే. నేను ఒకసారి ప్యాకెట్ చెత్తబుట్టలో వేశాక ఫిర్యాదు చేశాను. వివరాలు చాలవని మూసేశారు.

విడి పాలకు యాప్ పెద్దగా పనికిరాదు. లేబుల్ లేదు, బ్యాచ్ లేదు. అక్కడ ఫుడ్ సేఫ్టీ ఆఫీసరే రావాలి. ఇప్పటికీ జనం ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు. ఒక్కో జిల్లాలో వీళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు కాబట్టి, "మా వీధిలో కల్తీ పాలు" అని రాస్తే పని జరగదు. పాలు పోసే అతను ఎన్నింటికి వస్తాడు, ఏ బండి, ఎన్ని ఇళ్ళకు పోస్తాడు అని రాసివ్వండి. నలుగురైదుగురు సంతకాలు చేస్తే మంచిది.

మనలో చాలామందికి తెలియని ముఖ్యమైన విషయం ఒకటుంది. మీ ఇంట్లో మిగిలిన పాలు కేసుకు నమూనా కావు. అధికారి అమ్మేవాడి దగ్గరే కొత్తగా, డబ్బిచ్చి తీసుకోవాలి. నేను ఒకసారి సాక్షిగా నిలబడి చూశాను. పాలను ముందు బాగా కలియబోశారు. నాలుగు శుభ్రమైన, తడిలేని సీసాల్లో సమానంగా పోశారు. ప్రయోగశాలకు చేరేదాకా పాడవకుండా ఒక్కో దాంట్లో ఫార్మలిన్ చుక్కలు వేశారు. మూత బిగించి, కాగితం చుట్టి, పై నుంచి కింద దాకా నంబరు చీటీ అంటించి, దారం కట్టి, లక్క కరిగించి సీలు వేశారు. చీటీ మీద, కాగితం మీద సగం సగం పడేలా అమ్మేవాడి సంతకం తీసుకున్నారు. ఒక సీసా ప్రయోగశాలలో పరీక్ష చేసే ఫుడ్ ఎనలిస్టుకు, రెండు పై అధికారి దగ్గర భద్రంగా. నాలుగోది అమ్మేవాడు కోరితే గుర్తింపు ఉన్న ఇంకో ల్యాబ్‌కి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు.

నమూనా తీస్తున్నప్పుడు "ఇది లీగల్ శాంపిలా, సర్వైలెన్స్ శాంపిలా?" అని అడగండి. సర్వైలెన్స్ శాంపిల్ పరిస్థితి తెలుసుకోవడానికి తీసేది, దాని మీద కేసు పెట్టరు. ఊళ్ళోకి వచ్చే మొబైల్ ల్యాబ్ వ్యాన్‌లో చేసే పరీక్ష కూడా అలాంటిదే. ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో అక్కడికక్కడ సూచన ఇస్తుంది, శిక్ష వేయించదు. లీగల్ శాంపిల్ మీద ఎనలిస్టు 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. తెలంగాణలో ఈ పని నాచారంలోని రాష్ట్ర ఆహార ప్రయోగశాలది. రిపోర్టు మీద అమ్మేవాడు 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, అప్పుడు దాచిన సీసా పై ల్యాబ్‌కి వెళుతుంది. నెలలు పడుతుంది. మీ చేతికి డబ్బు రాదు. కానీ అమ్మేవాడి మీద పడే దెబ్బ మాత్రం ఈ దారిలోనే గట్టిగా పడుతుంది.

మీరే నమూనా ఇవ్వొచ్చు: 40వ సెక్షన్

ఈ దారి గురించి ఎవరూ చెప్పరు. కొన్నవాళ్ళే సరుకును ఫుడ్ ఎనలిస్టుకు ఇచ్చి పరీక్ష చేయించుకునే హక్కు చట్టంలోని 40వ సెక్షన్ ఇచ్చింది. ఫీజు కట్టాలి. 14 రోజుల్లో రిపోర్టు. సరుకు ప్రమాణానికి తక్కువని తేలితే కట్టిన ఫీజు వెనక్కి వస్తుంది, రిపోర్టు అధికారికి వెళ్ళి కేసు మొదలవుతుంది. ఒకే షరతు: కొనేటప్పుడే "దీన్ని పరీక్షకు పంపబోతున్నాను" అని అమ్మేవాడికి చెప్పాలి. చెప్పకుండా కొని, తర్వాత పంపితే ఈ సెక్షన్ వర్తించదు.

ప్యాకెట్ పాలకు, నెయ్యికి ఇది బాగా నప్పుతుంది. సీలు విప్పని ప్యాకెట్లు, ఒకే బ్యాచ్‌వి, ఇద్దరు సాక్షుల ముందు కొని, బిల్లు వెనక ఆ మాట రాసి సంతకం పెట్టించుకోండి. విడి పాలకు కష్టం. పరీక్షకు పంపుతున్నానంటే ఆ పూటకు పాలు లేవంటాడు.

ప్రైవేటు ల్యాబ్ ఇంతకంటే తొందరగా చెబుతుంది. ఇంట్లో పసిబిడ్డ ఉండి, ఈ పాలు పట్టొచ్చా లేదా అన్నదే మీ ప్రశ్న అయితే ముందు అక్కడికే వెళ్ళండి, గుర్తింపు ఉన్న ల్యాబ్ చూసుకుని. ఆ రిపోర్టు మీ మనసుకు సమాధానం. ఆహార భద్రత చట్టం కింద శిక్షకు అది చాలదు.

డబ్బు వెనక్కి కావాలంటే

వినియోగదారుల కమిషన్. ఆస్పత్రి బిల్లు, సరుకు ధర, పడ్డ ఇబ్బందికి పరిహారం అడిగే చోటు ఇది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే కంపెనీతో మాట్లాడి రాజీకి ప్రయత్నిస్తారు, చిన్న మొత్తాలకు అదే చాలు. కుదరకపోతే జిల్లా కమిషన్. మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. సరుకు విలువ రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. రెండేళ్ళ లోపు వేయాలి. పరీక్ష అవసరమైతే కమిషనే ల్యాబ్‌కి పంపిస్తుంది, ఆ ఖర్చు ముందు మీతో కట్టిస్తుంది. అందుకే సీలు విప్పని ఇంకో ప్యాకెట్ ఫ్రిజ్‌లో దాచిపెట్టుకోవాలి. బిల్లు లేకపోతే ఈ తలుపు తట్టి లాభం లేదు.

అర లీటరు ప్యాకెట్‌లో పాలు తక్కువ వచ్చినా, ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకున్నా ఇవేవీ కాదు, తూనికలు కొలతల శాఖకు చెప్పాలి.

నా సలహా

ఎవరికైనా పాలు తాగి ఒంట్లో బాగోలేకపోతే ముందు డాక్టరు చీటీ, అదే రోజు ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కి కబురు, ఆ తర్వాతే కమిషన్. బ్రాండు ప్యాకెట్ మీద అనుమానమైతే యాప్‌తో మొదలుపెట్టి, జవాబు రాకపోతే 40వ సెక్షన్. విడి పాలైతే నలుగురు కలిసి ఆఫీసర్‌ని పిలవడం ఒక్కటే గట్టి దారి. ఇంటింటికీ పాలు పోసే అతనికి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబర్ అడగండి. ఉంటే చూపిస్తాడు. సహకార సంఘానికే పాలన్నీ పోసే రైతుకు మాత్రం అది అక్కర్లేదు, ఆయన్ని ఇబ్బంది పెట్టకండి.

పిన్నిగారి సంగతి చెప్పలేదు కదూ. ఆవిడ, ఇంకో నాలుగు ఇళ్ళవాళ్ళు కలిసి రాసిచ్చాక, పన్నెండో రోజు తెల్లవారుజామున అయిదున్నరకు ఆఫీసర్ మా గేటు దగ్గరే నమూనా తీశారు. నేను సాక్షి సంతకం పెట్టింది అప్పుడే. యూరియా లేదు, డిటర్జెంటు లేదు. వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ రెండూ తక్కువ, నాసిరకం అని రిపోర్టు వచ్చింది. కేసు ఇంకా నడుస్తోంది. పాలు మాత్రం ఇప్పుడు చిక్కగా వస్తున్నాయని, తోడు పెడితే గరిటె నిలబడుతోందని పిన్నిగారు మొన్ననే అన్నారు.